జీవ ఉగ్రవాదం: దాడిని ముందుగా పసిగట్టాల్సింది ఆస్పత్రే

2001 అక్టోబరు 2 తెల్లవారుజామున అమెరికాలోని ఫ్లోరిడాలో రాబర్ట్ స్టీవెన్స్ అనే 63 ఏళ్ల వ్యక్తిని ఆయన భార్య ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆయన ఒక పత్రికా సంస్థలో ఫొటో ఎడిటర్. ఒళ్లు కాలిపోయే జ్వరం, వాంతులు, పొంతన లేని మాటలు. మెదడు పొరలకు వాపు వచ్చి ఉంటుందని డాక్టర్లు వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. అంటువ్యాధుల నిపుణుడు లారీ బుష్ ఆ నీటిని మైక్రోస్కోపులో చూశారు. ఆ జబ్బులో మామూలుగా కనిపించే బ్యాక్టీరియా కాదది. కడ్డీల్లాంటి పెద్ద పెద్ద కణాలు, వరసగా గొలుసు కట్టి ఉన్నాయి. పశువుల నుంచి మనుషులకు సోకే ప్రాణాంతక జబ్బు ఆంత్రాక్స్ అయి ఉండొచ్చని ఆయనకు అనుమానం వచ్చింది. అమెరికాలో అంతకు ముందు పాతికేళ్లుగా ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ కేసు ఒక్కటి కూడా నమోదు కాలేదు. అయినా ఆ అనుమానాన్ని కొట్టిపారేయకుండా జిల్లా ఆరోగ్యాధికారి జీన్ మాలెకికి ఫోన్ చేశారు. శాంపిల్ జాక్సన్‌విల్‌లోని రాష్ట్ర ల్యాబ్‌కు వెళ్లింది. అక్టోబరు 4న ఆంత్రాక్సేనని ప్రకటించారు. మర్నాడు స్టీవెన్స్ చనిపోయారు.

న్యూయార్క్ జంట టవర్లు కూలి అప్పటికి ఇంకా నెల కూడా కాలేదు. అయినా ప్రభుత్వం దీన్ని మొదట దాడిగా చూడలేదు. స్టీవెన్స్ ఈమధ్య నార్త్ కరోలినాలో తిరిగినప్పుడు వాగులో నీళ్లు తాగారని ఆరోగ్య మంత్రి టామీ థాంప్సన్ విలేకరులకు చెప్పారు. ఇది సహజంగా వచ్చిన జబ్బే అయి ఉంటుందని ఆ మాటలోని సూచన. తర్వాత స్టీవెన్స్ ఆఫీసులో ఆయన కీబోర్డు మీద ఆంత్రాక్స్ బీజాలు దొరికాయి. ఆ ఆఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగికీ జబ్బు బయటపడింది. న్యూయార్క్‌లోని టీవీ సంస్థకు, వాషింగ్టన్‌లో సెనేటర్ టామ్ డాష్లే కార్యాలయానికి పొడి నింపిన ఉత్తరాలు వచ్చినట్టు తేలింది. దాడి అని అందరికీ అర్థమయ్యేసరికి, మొదటి ఉత్తరాల మీద పోస్టల్ ముద్ర పడిన సెప్టెంబరు 18 నుంచి దాదాపు నాలుగు వారాలు గడిచిపోయాయి.

జీవ ఉగ్రవాదం ఎలా ఉంటుందో అర్థం చేసుకోవాలంటే ఈ నాలుగు వారాలను గమనించాలి. రోగాన్ని కలిగించే సూక్ష్మజీవులనో, వాటినుంచి వచ్చే విషాలనో మనుషుల మీదికి, పశువుల మీదికి, పంటల మీదికి కావాలని వదిలి జనాన్ని చంపడం లేదా భయపెట్టడం జీవ ఉగ్రవాదం. బాంబు పేలితే ఆ చప్పుడే కబురు చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది అన్నది గంటలోపే తెలుస్తుంది, పోలీసులు వచ్చి చుట్టూ తాడు కడతారు. రోగంతో చేసిన దాడికి అలాంటి చోటంటూ ఉండదు. శరీరంలో జబ్బు పెరిగి పైకి కనబడటానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ఈలోగా బాధితులు తలోదారీ వెళ్లిపోతారు. ఒకరు ఇంటి దగ్గరి క్లినిక్‌కు, ఒకరు పెద్దాస్పత్రికి, ఒకరు మందుల షాపుకు. ఏ ఇద్దరినీ ఒకే డాక్టరు చూసి ఉండకపోవచ్చు. ఆ విడివిడి జ్వరాలను ఒకచోట చేర్చి చూసే ఏర్పాటు లేకపోతే, దాడి జరిగిందన్న సంగతే ఎవరికీ తెలియదు.

లారీ బుష్ ఆ రోజు ఉగ్రవాదాన్ని వేటాడుతూ కూర్చోలేదు, తన రోజువారీ పని తాను చేశారు. జాక్సన్‌విల్ ల్యాబ్‌లో ఈ పరీక్ష చేయగలిగిన సిబ్బంది ఉన్నారు. ఎందుకంటే 1999లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం రాష్ట్రాల ల్యాబ్‌లను ఒక నెట్‌వర్క్‌గా కలిపి, ఇలాంటి అరుదైన జబ్బులకు శిక్షణ ఇచ్చింది. ఒక డాక్టరు అనుమానం, ఒక ఫోన్ కాల్, పనిచేసే ల్యాబ్. జీవ ఉగ్రవాదం మీద రక్షణ అనేది చాలావరకు ఇంతే. అందుకే దీన్ని సైనికుల సమస్యగా, గూఢచారుల సమస్యగా మాత్రమే చూసే ప్రభుత్వాలు అసలు చోటును వదిలేసి ఖర్చు పెడుతున్నట్టు లెక్క.

పసిగట్టలేకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు అమెరికాలోనే ఒక చిన్న ఊళ్లో దొరుకుతుంది. ఒరెగాన్ రాష్ట్రంలోని ద డాల్స్. 1984 సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడ రెస్టారెంట్లలో తిన్నవాళ్లకు వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మొత్తం 751 మంది జబ్బుపడ్డారు, 45 మంది ఆస్పత్రిలో చేరారు. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. తిండి ద్వారా సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అని ల్యాబ్ సరిగ్గానే చెప్పింది. పది రెస్టారెంట్లలో ఒకేసారి ఎలా వచ్చిందన్నదే తేలలేదు. వంటవాళ్లు చేతులు సరిగా కడుక్కోకపోవడమే కారణమై ఉంటుందని ఆరోగ్య శాఖ విచారణ ముగించింది.

అసలు కారణం అదే కౌంటీలో (అంటే జిల్లాలో) ఉన్న రజనీష్‌పురం. మన దేశం నుంచి వెళ్లిన భగవాన్ రజనీష్ అనుచరులు అక్కడ ఒక ఊరే కట్టుకున్నారు. భూముల విషయంలో కౌంటీ పాలకులతో తగాదా ఉండేది. నవంబరులో జరిగే కౌంటీ ఎన్నికల్లో స్థానికులు ఓటు వేయడానికి రాకుండా చేస్తే తమవాళ్లు గెలుస్తారని, రజనీష్ కార్యదర్శి మా ఆనంద్ షీలా, ఆమె వర్గం తిండిలో ఆ బ్యాక్టీరియా కలిపించారు. ఇది ఎలా బయటపడిందంటే, ఏడాది తర్వాత 1985 సెప్టెంబరులో రజనీషే విలేకరుల ముందు షీలా మీద ఆరోపణలు చేశారు. ఆ తర్వాత అధికారులు ఆశ్రమంలో వెతికితే ఒక ల్యాబు, అందులో రోగులకు వచ్చిన రకం బ్యాక్టీరియా దొరికాయి. వాళ్లలో వాళ్లకు చెడకపోయి ఉంటే, ఇది ఈనాటికీ ‘చేతులు కడుక్కోని వంటవాళ్ల’ ఖాతాలోనే ఉండిపోయేది. విచారణ చేసినవాళ్లు అసమర్థులేమీ కాదు. మనిషి కావాలని ఇంత పని చేస్తాడా అన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. ఈ సంఘటన మీద పూర్తి వైద్య నివేదిక 1997 దాకా వైద్య పత్రికలో రాలేదు. చదివి ఇంకెవరైనా అదే పని చేస్తారేమోనని భయపడ్డారు.

జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ కథ ఇంకో వైపు చూపిస్తుంది. వాళ్ల దగ్గర డబ్బుంది, చదువుకున్న శాస్త్రవేత్తలున్నారు. 1993లో టోక్యోలో ఆంత్రాక్స్ చల్లాలని ప్రయత్నించారు. చుట్టుపక్కల వాళ్లు చెడు వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. చివరికి ఆ సంస్థ 1995లో టోక్యో సబ్‌వేలో సారిన్ అనే రసాయన విషాన్ని వాడింది. అంటే సినిమాల్లో చూపించినంత సులభం కాదిది. ఈ సంగతి ధైర్యం ఇవ్వాలి. అలాగని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఎందుకంటే 1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో ఒక సైనిక కేంద్రం నుంచి పొరపాటున బయటికి వచ్చిన ఆంత్రాక్స్ కనీసం 66 మందిని చంపింది. చెడిపోయిన మాంసం తిని చనిపోయారని ప్రభుత్వం పదమూడేళ్లపాటు చెబుతూ వచ్చింది. 1992లో బోరిస్ యెల్త్‌సిన్ సైన్యం పాత్రను ఒప్పుకున్నారు. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం ఆ ఊరు వెళ్లి, చనిపోయినవాళ్లు ఆ రోజు పగలు ఎక్కడెక్కడ ఉన్నారో ఇంటింటికీ తిరిగి అడిగి మ్యాపు మీద పెట్టింది. చుక్కలన్నీ ఆ కేంద్రం నుంచి గాలి వీచిన దిక్కుగా ఒక సన్నటి గీత మీదికి వచ్చాయి. ఆ గీత వెంటే ఇంకా ముందుకు వెళ్తే, 50 కిలోమీటర్ల దాకా ఊళ్లలో గొర్రెలు, పశువులు చచ్చిపోయాయి. అబద్ధాన్ని బయటపెట్టింది ఏ గూఢచారి నివేదికో కాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని ఓపిగ్గా అడిగే సాంక్రమిక వ్యాధుల శాస్త్రం. మలేరియా వచ్చినా, కలరా వచ్చినా ఊళ్లలో చేసే పని కూడా ఇదే.

బ్రెంట్‌వుడ్‌లో ఏం జరిగింది?

2001 దాడిలో మొత్తం 22 మందికి జబ్బు సోకింది. సగం మందికి ఊపిరితిత్తుల్లో, సగం మందికి చర్మం మీద. ఐదుగురు చనిపోయారు. అందులో ఇద్దరి మరణం వైద్యపరంగానూ, నైతికంగానూ ఇంకా జవాబు అడుగుతూనే ఉంది.

సెనేటర్ డాష్లే కార్యాలయంలో ఉత్తరం తెరిచింది అక్టోబరు 15న. అదే రోజు అక్కడి సిబ్బందికి పరీక్షలు మొదలయ్యాయి, యాంటీబయాటిక్ మాత్రలు చేతికి వచ్చాయి. వాళ్లలో ఒక్కరికీ జబ్బు రాలేదు. కానీ ఆ ఉత్తరం డాష్లే కార్యాలయానికి గాల్లో ఎగిరి రాలేదు కదా. వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ అనే పెద్ద పోస్టల్ సార్టింగ్ కేంద్రం గుండా వచ్చింది. అక్కడ యంత్రాలు ఉత్తరాలను గట్టిగా నొక్కుతూ వేగంగా వేరుచేస్తాయి. అంటించిన కవరులోంచి పొడి బయటికి రాదని నిపుణులు నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారమేమీ లేదు. కేంద్రం నడుస్తూనే ఉంది. పోస్టు సురక్షితమని చెప్పడానికి అక్టోబరు 18న పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆ కేంద్రంలోనే విలేకరుల సమావేశం పెట్టారు.

అక్టోబరు 21న బ్రెంట్‌వుడ్‌ను మూసేశారు. అప్పటికే అక్కడ పనిచేసే థామస్ మోరిస్ ఊపిరి ఆడక తనే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, నాకు ఆంత్రాక్స్ సోకిందేమోనని చెప్పారు. ఆ రోజే చనిపోయారు. అంతకు ముందు ఆయన డాక్టరును కలిశారు. వైరల్ జ్వరం అనుకున్నారు. ఆయన సహోద్యోగి జోసెఫ్ కర్సీన్ ఆస్పత్రికి వెళ్తే చూసి ఇంటికి పంపేశారు. మర్నాడు, 22న, ఆయనా పోయారు. అదే కేంద్రంలోని మరో ఇద్దరు ఉద్యోగులకు ఇదే జబ్బు. వాళ్లు వెళ్లిన ఆస్పత్రిలో డాక్టర్లు ఏం పని చేస్తారని అడిగారు, పోస్టాఫీసు అనగానే అనుమానించి వెంటనే మందు మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ బతికారు. ‘మీరేం పని చేస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర ప్రాణాలు అటో ఇటో అయ్యాయి.

బ్రెంట్‌వుడ్ కార్మికుల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. సెనేట్ సిబ్బందికి అదే రోజు మందు అందింది, తమకు ఆరు రోజులు పట్టింది. దీన్ని వాళ్లు ఎలా చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. అధికారులు కావాలని వివక్ష చూపారని చెప్పడానికి ఆధారం లేదు. అప్పటికి ఉన్న శాస్త్ర పరిజ్ఞానం తప్పని తేలింది, అంతే. కానీ ఎవరి ప్రాణాలను ముందు పట్టించుకుంటారన్నది ఆ ఆరు రోజుల్లో బయటపడింది. ఆ గాయం వైద్యాన్ని కూడా తాకింది. దాడికి గురై ఉండొచ్చని దాదాపు 10,000 మందిని 60 రోజులపాటు యాంటీబయాటిక్ వాడమన్నారు. కోర్సు పూర్తి చేసింది సగంకంటే తక్కువ మంది, సుమారు 44 శాతం. కడుపులో తిప్పడం లాంటి ఇబ్బందులు ఒక కారణం. తర్వాత వ్యాక్సిన్ ఇస్తామంటే, అది ప్రయోగ దశ నిబంధనల కింద కావడంతో, మా మీద ప్రయోగాలా అని చాలామంది వెనక్కి తగ్గారు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి రోగులకు సిఫిలిస్ మందు ఇవ్వకుండా ప్రభుత్వమే గమనిస్తూ కూర్చున్న చరిత్ర వాళ్లకు తెలుసు. నమ్మకం లేనిచోట మందు ఉండి కూడా మింగరు.

ఇదే సమస్య ఇంకో రూపంలో మళ్లీ వచ్చింది. ఉగ్రవాదులు మశూచిని వాడొచ్చన్న భయంతో అమెరికా ప్రభుత్వం 2003లో ఐదు లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి టీకా వేయాలనుకుంది. వేయించుకున్నది 40 వేల మంది దాకా మాత్రమే. ముప్పు నిజమని వైద్య సిబ్బందినే ఒప్పించలేకపోయారు. కార్యక్రమం నెమ్మదిగా ఆగిపోయింది.

ఇక దోషి ఎవరు? అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ మొదట స్టీవెన్ హాట్‌ఫిల్ అనే శాస్త్రవేత్త మీద ఏళ్ల తరబడి అనుమానపు నీడ వేసింది. తర్వాత ఆయనకు సంబంధం లేదని తేలి, 2008లో ప్రభుత్వం 58 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఫోర్ట్ డెట్రిక్ సైనిక పరిశోధన కేంద్రంలో ఆంత్రాక్స్ వ్యాక్సిన్ మీద పనిచేసిన బ్రూస్ ఐవిన్స్ ఒక్కడే దోషి అని ప్రకటించింది. అభియోగాలు నమోదయ్యేలోపే, 2008 జులైలో, ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 2010లో కేసు మూసేశారు. 2011లో అమెరికా జాతీయ శాస్త్ర పరిషత్ కమిటీ మాత్రం, శాస్త్రీయ ఆధారాలు ఒక్కటే తీసుకుంటే ఆ పొడి ఎక్కడినుంచి వచ్చిందో ఖాయంగా చెప్పలేమంది. కోర్టులో తేలని విషయం కాబట్టి అంతకు మించి చెప్పడం సరికాదు. అయినా ఎఫ్‌బీఐ చెప్పిందే నిజమైతే, ప్రజలను ఈ జబ్బు నుంచి కాపాడటానికి పెట్టిన ల్యాబ్‌లోంచే ఈ జబ్బు వచ్చిందన్నమాట. రక్షణ పేరుతో ప్రమాదకర క్రిములను దాచుకునే ల్యాబ్‌ల సంఖ్య పెంచుకుంటూ పోవడం మంచిదేనా అన్న ప్రశ్న అప్పటినుంచీ ఉంది. తాళం ఎవరి చేతిలో ఉందో, వాళ్ల మీద పర్యవేక్షణ ఎలా ఉందో చూడకుండా ల్యాబ్‌లు కట్టడం ముప్పును పెంచుతుంది.

అంతర్జాతీయంగా 1972లో సంతకాలు మొదలై 1975 నుంచి అమల్లోకి వచ్చిన జీవాయుధాల నిషేధ ఒప్పందం ఉంది. భారత్ కూడా అందులో ఉంది. కానీ ఎవరైనా ఒప్పందాన్ని పాటిస్తున్నారా లేదా అని వెళ్లి తనిఖీ చేసే యంత్రాంగం దానికి లేదు. రసాయన ఆయుధాలకు అలాంటి సంస్థ ఉంది. జీవాయుధాల విషయంలో తనిఖీ నిబంధనల కోసం ఏళ్లపాటు జరిగిన చర్చల నుంచి 2001 జులైలో అమెరికా తప్పుకోవడంతో అవి కూలిపోయాయి. ఆంత్రాక్స్ ఉత్తరాలు వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకే.

భయం కూడా జబ్బే

జీవ ఉగ్రవాదం చంపినవాళ్ల లెక్క తీస్తే చాలా చిన్నది. ఒక్క క్షయ వ్యాధితోనే మన దేశంలో ఏటా దాదాపు మూడు లక్షల మంది చనిపోతున్నారు. మరి దీని మీద ఇంత చర్చ ఎందుకు? ఎందుకంటే ఉగ్రవాది కోరుకునేది శవాల సంఖ్యను మాత్రమే కాదు. ఐదుగురు చనిపోయిన 2001 దాడి తర్వాత బ్రెంట్‌వుడ్ కేంద్రాన్ని శుభ్రం చేసి మళ్లీ తెరవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ప్రపంచమంతా తెల్ల పొడి కనిపిస్తే వణికింది. మన దేశంలోనూ ఆ రోజుల్లో పొడి ఉన్న కవర్లు వచ్చాయని పోలీసులకు ఫోన్లు, ల్యాబ్‌లకు శాంపిళ్లు వెల్లువెత్తాయి.

భయం ఏం చేయగలదో మనకు 1994 సూరత్ నేర్పింది. అది దాడి కాదు, సహజంగా వచ్చిన ప్లేగు అనుమానం. దేశం మొత్తం మీద చనిపోయింది యాభై మందికి పైచిలుకు. కానీ లక్షల మంది రాత్రికి రాత్రి రైళ్లెక్కి ఊరు వదిలారు. సూరత్ మరమగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వలస కార్మికుల ఊరది. కూలి దొరక్కపోయినా ఫర్వాలేదు, ప్రాణం దక్కితే చాలనుకున్నారు. ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ షాపుల్లో దొరకలేదు. ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్‌లకు తాళాలు వేసి వెళ్లిపోయారు. విదేశాలు విమానాలు ఆపాయి, సరుకు తీసుకోలేదు. జబ్బు ఏమిటో ల్యాబ్ నుంచి ఖాయమైన మాట త్వరగా రాకపోవడం ఆ భయాన్ని ఇంకా పెంచింది. ఆ మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించడం, మురికివాడలకు నీళ్లు, డ్రైనేజీ, రోజూ ఏసీ గదులు వదిలి అధికారులు వీధుల్లోకి వెళ్లడం లాంటి పనులతో ఆ ఊరి రూపు మార్చారు. ప్లేగునే ఎవరైనా కావాలని వదిలినా, అడ్డుకోవడానికి కావాల్సింది కూడా ఈ పనులే.

భయానికి పగ తోడైతే ఇంకా ప్రమాదం. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఢిల్లీ తబ్లీగీ సమావేశానికి వెళ్లొచ్చినవాళ్లలో కరోనా బయటపడింది. తెలుగు రాష్ట్రాల్లోనూ మొదటి దశ కేసుల్లో ఇవి చాలా ఉన్నాయి. మహమ్మారి మొదలయ్యే రోజుల్లో అంతమంది ఒకచోట చేరడం తప్పే. కానీ సోషల్ మీడియాలో అది తప్పుగా ఆగలేదు, ‘కరోనా జిహాద్’ అయింది. ఒక మతంవాళ్లు కావాలని జబ్బును అంటిస్తున్నారని వీడియోలు తిరిగాయి. కూరగాయలు, పండ్లు అమ్ముకునేవాళ్లను వీధుల్లోకి రానివ్వని చోట్లున్నాయి. ఆ ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని వ్యాఖ్యానించింది. జీవదాడి జరిగిందన్న ఆరోపణ వట్టిదే అయినా వైద్యానికి నిజమైన హాని చేస్తుంది. దోషిగా చూస్తారని భయపడేవాడు దగ్గు వచ్చినా చెప్పడు, పరీక్షకు రాడు, ఎవరెవరిని కలిశాడో పేర్లు ఇవ్వడు. జబ్బు ఏమిటి, ఎంతమందికి వచ్చింది, ఎలా ఆపాలి అన్నవి ముందు తేలాలి. ఎవరు చేశారన్నది ఆధారాలతో, పోలీసులు, కోర్టులు తేల్చాల్సిన విషయం. ఈ వరస తారుమారైతే రెండూ చెడతాయి.

మన దగ్గర ఏముంది?

మన దేశంలో వ్యాధుల మీద నిఘాకు 2004 నవంబరులో సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. తొలి దశ రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్లో ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు, ల్యాబ్ ఎవరికి వారు కేసుల లెక్కలు జిల్లా నిఘా విభాగానికి పంపాలి. ఒకే ఊళ్లో ఒకే రకం జ్వరాలు మామూలుకంటే ఎక్కువగా కనిపిస్తే బృందం వెళ్లి చూడాలి. 2021 నుంచి ఈ లెక్కలు ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు ఎక్కించే ఏర్పాటు వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లోనే జీవ విపత్తుల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీద నిర్మాణం బాగానే ఉంది.

బలహీనత ఎక్కడంటే, జ్వరం వచ్చినవాడు మొదట వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికి, లేదంటే మందుల షాపుకు, తర్వాత ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు. ఈ ముగ్గురూ కలిసి మన రోగుల్లో పెద్ద భాగాన్ని చూస్తున్నారు. కానీ నిఘా లెక్కల్లోకి వీళ్ల కేసులు సరిగా చేరవు. శాంపిల్ తీయకుండానే పెద్ద యాంటీబయాటిక్ పడిపోతుంది. జ్వరం తగ్గితే సంతోషం, తగ్గకపోతే పై ఆస్పత్రి. ఈలోగా ల్యాబ్‌లో క్రిమి పెరిగే అవకాశం పోతుంది. ఒక లారీ బుష్ లాంటి డాక్టరు మన దగ్గర లేకపోలేదు. ఆయన చూసేసరికి చూడ్డానికి ఏమీ మిగలకపోవడమే మన సమస్య. ఆర్ఎంపీలను తిట్టడం కంటే, ‘వారంలో మీ దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలాంటి లక్షణాలు ఎందరికి?’ అని అడిగి రాసుకునే ఒక ఫోన్ నంబరు పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

ఆంత్రాక్స్ మనకు అమెరికా ఉత్తరాలతో పరిచయమైన జబ్బు కాదు. గొర్రెలు, మేకలు, పశువులకు వచ్చే దొమ్మ రోగం ఇదే. ఉన్నట్టుండి జీవం పడిపోవడం, ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం రావడం దాని గుర్తు. విశాఖ ఏజెన్సీలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, ముంచంగిపుట్టు ప్రాంతాల్లో గిరిజనులకు చర్మపు ఆంత్రాక్స్ చాలాసార్లు వచ్చింది. చచ్చిన పశువును కోసి పంచుకోవడం వల్ల వస్తుంది. చేతి మీద నొప్పి లేని నల్లటి పుండు పడుతుంది. యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ఊపిరితిత్తులకు చేరినప్పుడే ఎక్కువగా ప్రాణం తీస్తుంది. దాని బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి కాబట్టి ఒకసారి వచ్చిన చోటికి మళ్లీ రావచ్చు.

2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు చనిపోతే, పశువైద్య సిబ్బంది శాంపిళ్లు పంపించి ఆంత్రాక్స్ అని తేల్చారు, మిగిలిన జీవాలకు టీకాలు వేశారు. ఇక్కడ మొదట తెలియజేయాల్సింది గొర్రెల కాపరి. తర్వాత పశువైద్యుడు, ఆ తర్వాత మనుషుల డాక్టరు. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోనూ గాలి గీత చివర పశువులు చచ్చాయి. పశువుల మరణాల లెక్క, మనుషుల జ్వరాల లెక్క ఒకే చోటికి వచ్చే రోజు, అది సహజంగా వచ్చిన దొమ్మ అయినా, ఎవరో వదిలిన ఆంత్రాక్స్ అయినా ఒకే ఏర్పాటుతో దొరుకుతుంది. మన జిల్లాల్లో ఈ రెండు శాఖలు ఇప్పటికీ ఎవరి రిజిస్టరు వాళ్లు రాసుకుంటున్నాయి.

కాపరి చెప్పడానికి ముందుకు రావాలంటే అతనికేం మిగులుతుందో చూడాలి. దొమ్మతో పడిపోయిన గొర్రెను కోయకూడదు, చర్మం తీయకూడదు, సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఇది నియమం. ఆ ఒక్క గొర్రె ధర అతనికి చాలా రోజుల కూలి. ఖబురు చేస్తే మాంసం పోయి, సంతలో తన మంద మొత్తాన్ని ఎవరూ కొనని పరిస్థితి వస్తే, రాత్రికి రాత్రి కోసి తక్కువ ధరకు అమ్ముకోవడమే అతనికి దారి అవుతుంది. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చంపిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. దొమ్మ వచ్చిందని తనంతట తాను చెప్పిన కాపరికి కూడా పూడ్చిన ప్రతి జీవానికీ, ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, ఆ వారంలోనే డబ్బు చేతికి అందాలి.